ఎలుగుబంటి పైన మూడు చందమామలు

హైదరాబాదు, కొండాపూర్
జూలై 6

అత్తా,

డబ్బా విప్పేసే ఉంటావు. అందులో ఉన్నది రిమోటు కాదు. మావయ్య దాన్ని టీవీ వైపు తిప్పి నొక్కుతూ కూర్చుంటాడని ముందే చెబుతున్నాను. దాన్ని కంట్రోలర్ అంటారు. విరిగిన మణికట్టు అతుక్కున్నాక డాక్టరు నీకు రబ్బరు బంతి ఇచ్చి నొక్కమన్నాడనీ, నువ్వు దాన్ని మంచం కిందికి దొర్లించేశావనీ నాన్న చెప్పాడు. బంతి విసుగైతే ఇది నొక్కు. వేళ్ళకీ మణికట్టుకీ బోలెడు పని.

దానితో పాటు నా పాత ల్యాప్‌టాప్, అందులో ఒక ఆట ఉన్నాయి. మేము నలుగురం రెండేళ్ళుగా తయారుచేస్తున్న వీడియో గేమ్ అది. పేరు 'గజ్జెల బల్లెం'. రైళ్ళు రాని కాలంలో కొండదారుల్లో టపా సంచి మోసుకుని పరిగెత్తేవాళ్ళు ఉండేవారు కదా, జంతువులు బెదరడానికి గజ్జెలు కట్టిన బల్లెం పట్టుకుని. మా ఆటలో ఆ మనిషి ఒక ఆడపిల్ల. కనకమహాలక్ష్మి, ముద్దుగా కనకం. దొంగల్నీ జంతువుల్నీ కొట్టో తప్పించుకునో, సంచి తడవకుండా ఘాటీ, అంటే కొండ కనుమ, దాటించాలి.

ఆట ఎక్కడ ఎంత కష్టంగా ఉండాలో చూడటం నా పని. మొదట ఒక్క దొంగే వస్తాడు, నెమ్మదిగా కర్ర ఎత్తుతాడు. తప్పుకోవడం నేర్చుకుంటావు. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత వానలో ఇద్దరు. మెట్టు మరీ పొట్టిదైతే విసుగు, మరీ పొడుగైతే చిరాకు. మా ఆఫీసులో అందరం చిన్నప్పటి నుంచీ ఇవే ఆడినవాళ్ళం కాబట్టి మెట్టు ఎత్తు మా కాళ్ళకి తెలియదు. ఎప్పుడూ ఆడనివాళ్ళు ఆడి చెప్పాలి.

ఒక్క షరతు. ఫోన్ చెయ్యకు. ఫోనులో మనిద్దరం పొయ్యి మీద పాలు, ఎప్పుడు పొంగుతామో తెలియదు. టపా ఆట కాబట్టి కబురు కూడా టపాలోనే పంపు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది నువ్వే, నా రాత బాగోకపోతే తప్పు నీదే.

నీ మేనకోడలు
స్వాతి

---

బిలాస్‌పూర్, రైల్వే కాలనీ
జూలై 19

పెంకి మేనకోడలికి,

మీ మావయ్య దాన్ని టీవీ వైపు తిప్పి నొక్కాడు. వార్తలు మారడం లేదని బ్యాటరీలు కూడా మార్చాడు. చివరికి పక్క క్వార్టరు తిరుమలరావు గారి అమ్మాయి భానుప్రియ కాలేజీ నుంచి వచ్చి, ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి పుణ్యం కట్టుకుంది.

నా సంగతి నీకు తెలిసిందే. ఇరవై ఏళ్ళు టికెట్లు చూస్తూ రైళ్ళలో తిరిగినదాన్ని, తడి మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఇప్పుడు లైట్ డ్యూటీ అని ఎంక్వైరీ కిటికీలో కూర్చోబెట్టారు. "మేడమ్, గాడీ కబ్ ఆయేగీ?" అని బండి వేళ అడిగితే "బోర్డు చూడండి" అనడం, అంతే పని. ఇంట్లోనూ లైట్ డ్యూటీయే. బకెట్టు ముట్టుకుంటే మీ మావయ్య తన ఇంజన్ల షెడ్డులో సైరన్ మోగినట్టు అరుస్తాడు. అందుకని నీ ఆట నాకు బాగా నచ్చింది. అందులో ఎవడూ "మీరు కూర్చోండి" అనడు. ఎవడికి దొరికితే వాడు కొడతాడు.

మొదటి దొంగ మంచివాడు. కర్ర ఎత్తి అలాగే ఉంటాడు పాపం. ఇద్దరు దొంగల దగ్గర ఓ పూట పట్టింది. వానలో ఇద్దరి దగ్గర రెండు సాయంత్రాలు పట్టింది గాని, దాటాక మా అత్తగారు అప్పలనర్సమ్మగారు నాకు దిష్టి తీశారు. ఆవిడ రోజూ కుర్చీ లాక్కుని కూర్చుంటారు. "ఎనకాల ఉన్నాడే, ఎనకాల సూడు!" అని అరిచేది ఆవిడే. ఆ దొంగ అన్నం తిన్నాడో లేదో అని జాలిపడేదీ ఆవిడే.

ఒక తప్పు చెబుతాను, రాసుకో. దారి చీలిన చోట ఎడమకి వాగు, కుడికి ఘాటీ. ఏ దారిలో ఏముందో ఒక్క గుర్తూ లేదు. తెలియకుండా పొమ్మంటే అది ఎంచుకోవడం ఎలా అవుతుందే? చీట్లు వేసుకోవడం అవుతుంది. మా రైల్లో కూడా బోర్డు చూసే కదా జనం ఎక్కుతారు.

ఇక ఎలుగుబంటి. ఘాటీ మీద ఎలుగు నన్ను కొట్టని చోటు లేదు. అయినా ఒట్టు పెట్టుకున్నాను. ఈ ఎలుగుని ఎప్పుడు పడగొడతానో అప్పుడే వెళ్ళి మళ్ళీ రైలెక్కే లైను డ్యూటీ అడుగుతాను. పడగొట్టలేకపోతే ఈ చెయ్యి ఇక రైలుకి పనికిరాదనుకుని కిటికీలోనే ఉండిపోతాను. మీ మావయ్యకి చెప్పకు.

అత్త
సౌభాగ్య

---

హైదరాబాదు
ఆగస్టు 4

అత్తా,

"తెలియకుండా పొమ్మంటే అది ఎంచుకోవడం ఎలా అవుతుందే?" అన్న నీ మాట పెద్ద అక్షరాలతో రాసి మా గోడకి అంటించాను. ఇప్పుడు దారి చీలిన చోట ఘాటీ వైపు చెట్ల మీద గోళ్ళ గీతలు పెట్టాము, వాగు వైపు బురదలో కొట్టుకొచ్చిన చెప్పు ఒకటి. చూసేవాళ్ళకి తెలుస్తుంది. మూడు వారాల తగువు నీ ఒక్క ఉత్తరంతో తీరిపోయింది.

అసలు బెంగ ఎలుగే. పిలిచి ఆడించినవాళ్ళలో సగం మంది దాని దగ్గరే కంట్రోలర్ కింద పెట్టి, చాయ్ తాగి వెళ్ళిపోతున్నారు. డిసెంబరులో బెంగళూరులో ప్రదర్శన ఉంది. ఆటలు కొని బయటికి తెచ్చే కంపెనీలవాళ్ళు అక్కడికి వస్తారు. వాళ్ళు కూడా ఎలుగు దగ్గరే లేచిపోతే మా ఆఫీసుకి తాళమే. మాలో పెద్దవాడు పృథ్వీ అనే అతను. ఎలుగుని మెత్తబరుద్దాం అంటాడు. మెత్తటి ఎలుగుని కొడితే గెలిచినట్టా అంటాను నేను. రోజూ ఇదే రామాయణం.

నీ ఒట్టు మాత్రం నాకు నచ్చలేదు. ఆట వేరు, డ్యూటీ వేరు. దయచేసి ఆ రెంటికీ ముడి పెట్టకు.

భానుప్రియకి కొత్త కాపీ పంపాను, నీ ల్యాప్‌టాప్‌లో వేసి పెడుతుంది. చిన్న చిన్న మార్పులు, అంతే.

స్వాతి

---

బిలాస్‌పూర్
సెప్టెంబరు 10

స్వాతమ్మకి,

పడింది! ఎలుగు పడింది!

నిన్న సాయంత్రం, దీపాలు పెట్టే వేళ. అది రెండు కాళ్ళ మీద లేచింది, నేను పక్కకి దొర్లాను, బల్లెం తిప్పి ఒక్కటిచ్చాను. ఢామ్మని పడింది. మా అత్తగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. మీ మావయ్య అయితే ఏదో ఇంజను మొదటిసారి స్టార్టయినట్టు నా చెయ్యి పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

ఈ రోజు పొద్దున్నే బుధవారీ బజారు నుంచి జిలేబీలు తెప్పించి మా లైను క్వార్టర్లన్నిటికీ పంచాను. ఏటి విశేషం అని అందరూ అడిగారు. "ఎలుగుని కొట్టాను" అన్నాను. తిరుమలరావు గారు జిలేబీ నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయారు.

అక్కడి నుంచి తిన్నగా మా ఆఫీసు పెద్దాయన రామమోహన్ గారి దగ్గరికి వెళ్ళి, చెయ్యి బాగయింది, లైను డ్యూటీ ఇవ్వండి అని కాగితం పెట్టాను. ఆయన నా మొహం చూసి, "తొందరేముందమ్మా? నవంబరులో డాక్టరు చూస్తారు. అప్పుడు చెయ్యి చాలదంటే ఇక కిటికీయే శాశ్వతం. ఆలోచించుకున్నారా?" అన్నారు. ఆలోచించేదేముంది? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఇంట్లో గెలిచేశానుగా.

ఒక చిన్న అనుమానం. కొత్త కాపీలో పైన మూలన పసుప్పచ్చగా నెలవంక వస్తోంది. మొదట్లో ఒకటి, తర్వాత రెండు, నిన్న ఏకంగా మూడు. శుభశకునం అనుకున్నాను గాని, ఒకే ఆకాశంలో ముగ్గురు చందమామలేమిటే? ఇంజనీరింగ్ చదివినవాళ్ళు లెక్క చూసుకోవద్దూ?

ఎలుగుని కొట్టిన
అత్త

---

హైదరాబాదు
సెప్టెంబరు 22

అత్తా,

శుభాకాంక్షలు. ఆ చందమామలు మేము పని చేసుకునేటప్పుడు పెట్టుకునే గుర్తులు. నీ కాపీలో తీసెయ్యడం మరచిపోయాను, వాటిని పట్టించుకోకు.

డాక్టరు తేదీ ఇంకో రెండు నెలలు వాయిదా వెయ్యమని అడగలేవా? చలికాలంలో మణికట్టు నొప్పిగా ఉంటుందని నాన్న అంటున్నాడు. బంతి కూడా నొక్కుతూ ఉండు. ఆట ఒక్కటే చాలదు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

స్వాతి

---

బిలాస్‌పూర్
అక్టోబరు 8

స్వాతికి,

నాలుగు ముక్కల ఉత్తరం రాసినప్పుడే నాకు వాసన తగిలింది. రైల్లో టికెట్టు లేనివాడు కూడా ఇలాగే ఉంటాడు. అంతసేపూ గలగల మాట్లాడినవాడు నన్ను చూడగానే కిటికీలోంచి పొలాలు చూస్తాడు.

దసరా సెలవుల్లో భానుప్రియ వచ్చి, ఆంటీ నేనూ ఒకసారి ఆడతానంది. చెయ్యి తిరిగిన పిల్ల, దొంగల్ని చీమల్లా నలిపేసింది. ఎలుగు దగ్గరికి వచ్చింది. ఎలుగు పంజా ఎత్తడం నాకు కనపడలేదు, పిల్ల పడిపోవడమే కనపడింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ పడింది. "ఆంటీ, మీరెలా కొట్టారు దీన్ని?" అంది. నేను గర్వంగా తీసుకుని, నా పేరు మీదున్న ఆట తెరిచి ఆడాను. అదే ఎలుగు, అదే ఘాటీ. నా దగ్గరికి మాత్రం పేరంటానికి పిలవడానికి వచ్చినట్టు వచ్చింది. పంజా ఎత్తి, ఆగి, నేను సర్దుకున్నాక దించింది. భానుప్రియ ఆడినప్పుడు ఆకాశంలో ఏమీ లేదు. నాకు ముగ్గురు చందమామలు.

మా అత్తగారికి మొన్నే కంటి ఆపరేషను అయింది. కొత్త చూపు కదా, టీవీ దగ్గరికంటా వెళ్ళి చూశారు. "సందమామ కాదే పిల్లా. అరటిపండు. తొడిమ కూడా ఉంది" అన్నారు.

భానుప్రియ నవ్వింది. నేను నవ్వలేదు.

కాలనీలో మేము ఏడుపెంకులాట ఆడేటప్పుడు నువ్వు బుడ్డదానివి, ఆడతానని ఏడిచేదానివి. నిన్ను ఆటలో అరటిపండుగా పెట్టేవాళ్ళం. బంతి తగిలినా నువ్వు అవుటు కావు, నీ పరుగు లెక్కలోకి రాదు. నీకొక్కదానికే ఆ సంగతి తెలియదు. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకున్నావన్నమాట.

నేను జిలేబీలు పంచానే! అది పోనీ, సిగ్గు నాలుగు రోజుల్లో పోతుంది. కానీ వెళ్ళి లైను డ్యూటీ అడిగాను. వచ్చే నెల డాక్టరు చూస్తాడు. నా చెయ్యి బాగయిందా, నీ ఎలుగు మెత్తబడిందా? ఇప్పుడు నాకు ఎలా తెలుస్తుంది? చెప్పు.

ఇంకా విను. ఆ కోపంలో వంటింట్లోకి వెళ్ళి ఆవకాయ సీసా మూత తిప్పాను. ఇలా ముట్టుకోగానే అలా వచ్చేసింది. అప్పటిదాకా అది నా బలమే అనుకునేదాన్ని. అనుమానం వచ్చి పంచదార డబ్బా తీశాను, వదులు. కందిపప్పు వదులు. కాఫీ పొడి, కొబ్బరినూనె, అన్నీ వదులే. మీ మావయ్యని నిలదీశాను.

"ఏటండీ ఇది?"

"ఏటి? ఏటీ లేదు. గాలి తగలాలని."

"ఆవకాయకి గాలేటండీ!"

రోజూ పొద్దున షెడ్డుకి వెళ్ళే ముందు ఇంట్లో ఉన్న మూతలన్నీ వదులు చేసి వెళుతున్నాడట, ఏప్రిల్ నుంచీ. మా అత్తగారికి కూడా తెలుసు. "నానెందుకు సెప్పాలి? ఆడు పెళ్ళాం మీద ప్రేమతో సేస్తన్నాడు" అన్నారు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరంతా అడక్కుండానే పెడుతున్నారు. పెట్టి దాచేస్తున్నారు. నాకు చాలా బాధగా ఉంది స్వాతీ.

అత్త

---

హైదరాబాదు
అక్టోబరు 17

అత్తా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత "ఆవకాయకి గాలేటండీ" దగ్గర నవ్వాను. మళ్ళీ ఏడ్చాను. పక్క సీట్లో పృథ్వీ భయపడ్డాడు.

అది అరటిపండే, బొమ్మ వేసింది నేనే. ఒకే చోట మూడుసార్లు పడినవాళ్ళకి ఎలుగు కాస్త నెమ్మదించేలా పృథ్వీ ఏర్పాటు చేశాడు. ఆడేవాళ్ళకి తెలియకూడదు. ఎంత నెమ్మదించిందో మాకు తెలియడానికి మూలన ఒక గుర్తు కావాలి. నాకు మన కాలనీ గుర్తొచ్చి అరటిపండు వేశాను. మిగతావాళ్ళకి ఒకటే. నీ కాపీలో మాత్రం నేనే మూడు దాకా పెంచాను. ఓడిపోతే రైలు మానేస్తానని నువ్వు రాశావు కదా, ఆ మాటకి హడలిపోయాను. నువ్వు గెలవాలి అనుకున్నాను. నువ్వు ఎలా గెలవాలని అనుకుంటున్నావో అడగలేదు.

నీకొక సంగతి గుర్తు లేనట్టుంది. నేను అరటిపండునని తెలిసిన రోజు ఆ ఏడు పెంకులూ కాలువలో పారేసి ఇంటికి వచ్చేశాను. మర్నాడు నువ్వే వచ్చావు, నల్ల రిబ్బన్లు కట్టుకుని. "ఏటే, ఈయేళ అరటిపండా, అసలు ఆటా? నువ్వే చెప్పు" అన్నావు. అసలు ఆట అన్నాను. మొదటి బంతికే అవుటయ్యాను. ఎంత సంతోషమో! ఆ తర్వాత రోజూ అడిగేదానివి. జ్వరం వచ్చి తగ్గిన వారం నేనే అరటిపండు అన్నాను, అప్పుడు ఏమీ అనిపించలేదు.

అందుకని ఆట మార్చాను. ఎలుగు కొండకి ముందు టపా బంగళా ఒకటి ఉంది కదా, కావలి తాత ఉండే పాక. దాని చూరుకి అరటిగెల వేలాడదీశాను. కావాలంటే కనకం ఒక పండు కోసుకు తింటుంది, ఎలుగు అంత మేరకి నెమ్మదిస్తుంది. రెండు తింటే ఇంకొంచెం. వద్దంటే ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. అడక్కుండా ఇచ్చేది ఇక ఏదీ లేదు. మూలన గుర్తు అందరికీ కనిపిస్తుంది, తిన్నవాళ్ళకే వస్తుంది.

పృథ్వీకి ఇది ఇష్టం లేదు. చెయ్యి చాచి తీసుకోవాలంటే జనానికి నామోషీ, ఎవరూ తీసుకోరు, ఓడిపోయి లేచిపోతారు అంటాడు. అతని మాట నిజమైతే డిసెంబరులో మేము మునిగినట్టే. కొత్త కాపీ పంపుతున్నాను. ఆడతావో, కాలువలో పారేస్తావో నీ ఇష్టం.

స్వాతి

---

బిలాస్‌పూర్
నవంబరు 21

కాలువలో పారేసిన పెంకుల స్వాతికి,

రిబ్బన్లు నల్లవి కావు, ఎర్రవి. మిగతాదంతా గుర్తొచ్చింది.

ముందు ఆట సంగతి. వారం రోజులు ఒక్క పండు కూడా ముట్టుకోలేదు. ఎలుగు నన్ను చాకలి బండకేసి ఉతికినట్టు ఉతికింది. కంట్రోలర్ బాగోలేదన్నాను. "ఆడలేక మద్దెల ఓడన్నాదట" అని మా అత్తగారు గోడ వైపు తిరిగి అన్నారు. అయితే ఒకటి. ఇంతకు ముందు ఎందుకు గెలిచానో తెలిసేది కాదు. ఇప్పుడు ఎందుకు పడ్డానో తెలుస్తోంది. ఎలుగు ఎడమ పంజా ఎత్తే ముందు తల దించుతుంది. మూడు పళ్ళ కాలంలో అది చూడాల్సిన అవసరమే రాలేదు.

ఎనిమిదో రోజు నాకే అనిపించి రెండు పళ్ళు కోశాను. నామోషీ ఏమీ లేదని మీ పృథ్వీకి చెప్పు. గెల ఎదురుగా ఉంది, చెయ్యి నాది, ఆకలి నాది. రెండు పళ్ళతో ఎలుగుని కొట్టాను. జిలేబీలు పంచలేదు గాని, ఇంట్లో సేమ్యా చేసుకున్నాం.

ఒక్కటి మార్చు. కావలి తాత "పాపం, అలిసిపోయావు, తినమ్మా" అంటున్నాడు. ఆ పాపం తీసెయ్. కింద పడ్డప్పటి నుంచీ ఆ మాట వినీ వినీ నాకు చెవులు తూట్లు పడ్డాయి. ఆ మాట వింటే ఆకలున్నవాళ్ళు కూడా తినరు. "కావాలా?" అని అడిగి ఊరుకోమను. వద్దంటే మొహం మాడ్చుకోవద్దను.

ఇప్పుడు డాక్టరు. గట్టిగా పట్టుకోమన్నాడు, పట్టుకున్నాను. రాయమన్నాడు, రాశాను. నొప్పి ఉందా అన్నాడు. లేదందామని నోటిదాకా వచ్చింది. ఆకాశంలో దొంగ చందమామలు మళ్ళీ నేనే ఎందుకు వేసుకోవాలి? "రెండు గంటలు టికెట్లు చూసే మిషను పట్టుకుంటే లాగుతుంది, కాసేపు ఆపితే తగ్గుతుంది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రాసుకుని, లైనుకి వెళ్ళవచ్చు అన్నాడు.

రామమోహన్ గారు రెండు దారులు చూపించారు. నా పాత దూరపు రైలు, లేదా పగలు రాయగఢ్ దాకా వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చేది. దేనిలో ఎన్ని బోగీలో, ఎంత సేపో అన్నీ అడిగి తెలుసుకున్నాను. రాయగఢ్ తీసుకున్నాను. ఒక్క పండు. నేనే కోసుకున్నాను.

మీ మావయ్యకి మూతలన్నీ బిగించమని చెప్పాను. షెడ్డులో పనిచేసే చేతులు కదా, ఆయన బిగించాక ఆయనకే రాలేదు. రెండు రోజులు చాయ్‌లో పంచదార లేదు.

అత్త

---

బెంగళూరు
డిసెంబరు 14

అత్తా,

నిలబడే రాస్తున్నాను, కూర్చునే చోటు లేదు. వచ్చినవాళ్ళు అంతమంది!

తాత "కావాలా?" అని మాత్రమే అంటున్నాడు. నల్ల చొక్కా వేసుకున్న మొనగాడు ఒకడు గెల వైపు చూడకుండా వెళ్ళి ఎనిమిదిసార్లు పడ్డాడు. మేము ఊపిరి బిగబట్టుకున్నాం, లేచిపోతాడని. వాడు అటూ ఇటూ చూసి, వెనక్కి నడిచి, ఒక పండు కోసుకున్నాడు. గెలిచి ఎంత గట్టిగా అరిచాడంటే పక్క స్టాలు వాళ్ళు తొంగి చూశారు. ఇంకొకావిడ వస్తూనే మూడు తినేసి, గెలిచి, మళ్ళీ మొదటి నుంచి ఒకటే తిని ఆడింది. ఎవరూ మధ్యలో చాయ్ తాగడానికి పోలేదు.

ఒక కంపెనీవాళ్ళు ఆట తీసుకుంటామన్నారు. వచ్చే ఏడాది బయటికి వస్తుంది. మా ఆఫీసుకి తాళం పడదు! ఆ కంపెనీ ఆయన అడిగాడు, ఈ గెల ఆలోచన ఎవరిది అని. "మా కాలనీది" అన్నాను.

పృథ్వీ పొద్దున్నే మార్కెట్టుకి వెళ్ళి నిజం అరటిగెల తెచ్చి మా స్టాలుకి వేలాడదీశాడు. ఓడిపోయినా హుందాగా ఓడిపోయాడు.

నీ రైలు ఎప్పుడు? ఎలుగు ఇంకా బతికే ఉందా?

స్వాతి

---

రాయగఢ్ స్టేషను, టీటీఈల గది
జనవరి 17

స్వాతికి,

చిరునామా చూశావా? ఇంకోసారి చూడు. తిరుగు రైలుకి వ్యవధి ఉంది, అందుకని ఇక్కడి నుంచే మొదలుపెట్టాను.

నల్లకోటు వదులైంది. బోగీలోకి కాలు పెట్టగానే "టికెట్" అన్నాను, ఎవరూ తలెత్తలేదు. రెండో బోగీకి పాత గొంతు వచ్చింది. ఒకాయన "అచ్ఛా, ఆప్ తో ఎంక్వైరీ వాలీ మేడమ్ హైఁ నా?" అన్నాడు, కిటికీలో కూర్చునేది మీరే కదా అని. "థీ" అన్నాను, ఒకప్పుడు, ఇప్పుడు కాదు అని. ఆ ఒక్క ముక్క అనడానికి పది నెలలు పట్టింది నాకు.

చాంపా స్టేషను దాటాక మణికట్టు లాగింది. నాతో వచ్చిన కుర్రాడు చిన్నారావు నా మొహం చూసి మిషను తీసుకోబోయాడు. "ఆగు బాబూ, నేను అడుగుతాను" అని, ఇంకొక బోగీ చూసి, అప్పుడు అడిగాను. "ఈ రెండూ నువ్వు చూడు." వాడు చూశాడు. నేను తలుపు దగ్గర నిలబడి చలిగాలి పీల్చుకున్నాను. ఎంత బాగుందో చెప్పలేను.

రైలు వేళయింది. మిగతాది ఇంటికి వెళ్ళి రాస్తాను.

బిలాస్‌పూర్, మర్నాడు

రాత్రి అన్నానికి కూర్చుంటే ఆవకాయ సీసా మూత రాలేదు. బిగించమన్నది నేనే. పట్టుకుని చూశాను, గుడ్డ పెట్టి చూశాను. కుదరలేదు. మీ మావయ్య ఎదురుగా కూర్చుని అన్నం కలపకుండా పళ్ళెం వైపు చూస్తున్నాడు. లేవాలని ఆయనకి ఎంత ఉందో నాకు తెలుసు, లేవలేదు. "ఏవండీ, ఈ మూత తియ్యండి" అన్నాను. ఆయన మొహం చూడాలి నువ్వు! పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. ఒక్క మెలి తిప్పి తీసి, "ఇంకేటైనా తియ్యాలా?" అన్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ మనిషి మీద తొమ్మిది నెలలు లేని ప్రేమ ఆ మూతతో పాటు వచ్చింది.

ఎలుగు బతికే ఉందా అన్న నీ ప్రశ్నకి జవాబు ఇవ్వకుండా కవరు అంటించేద్దామనుకున్నాను. కానీ ఇందాక సాయంత్రం ఊరికే కూర్చుని ఆడాను. తాత "కావాలా?" అన్నాడు. వద్దు తాతా అన్నాను. ఎలుగు తల దించింది, ఎడమ పంజా అనుకున్నాను, ఎడమ పంజాయే. దొర్లాను, లేచాను, కొట్టాను. మళ్ళీ తల దించింది, మళ్ళీ కొట్టాను. పడింది. గబుక్కున పైన మూల చూశాను. ఒక్క చందమామ కూడా లేడు.

జిలేబీలు తెప్పించమని మీ మావయ్యని కేకేశాను. మా అత్తగారు పంచాంగం చూసి అడ్డుపడ్డారు.

"ఈయేళ నిజంగానే అమావాస్యే. రేపు పంచు."

అత్త